తెల్లవారుజామున నీలాంబరి

జనవరి 20, సోమవారం

ఇవాళ కూడా. ఐదింటికి నమాజు ముందు వజూ చేసుకుంటున్నాను, చెంబు ఇంకా చేతిలోనే ఉంది — గుడి మైకులో సన్నాయి. నీలాంబరి.

జోల రాగం. సాయంత్రం సేవలో స్వామిని పవళింపజేసే రాగం. దాన్ని తెల్లవారుజామున పెడుతున్నారు. లేపాల్సిన వేళ జోకొడుతున్నారు! దసరాకి ఆ రికార్డు మిషను బిగించారు. పొద్దుటి మేళం మానిపించారు. అప్పటి నుంచి వేణుగోపాలస్వామి లేస్తున్నాడో, అటు తిరిగి మళ్లీ పడుకుంటున్నాడో... అడిగినవాడు లేడు.

నమాజులో మనసు నిలవలేదు. అల్లా క్షమించాలి. సజ్దాలో నుదురు నేలకి ఆనించి ఉన్నాను, చెవి మాత్రం పైషడ్జం దగ్గర ఆగిపోయింది.

ఎవరితో అనను? గట్టిగా మాట్లాడడం నాకు రాదు. మావారి టైలరు షాపుకి ఎవరో ఇచ్చిన డైరీ ఇది, బీరువాలో ఊరికే పడి ఉంది. కాగితం మీద అరిస్తే పక్కింటికి వినపడదు.

జనవరి 21

గుడి కమిటీ ప్రెసిడెంటు రాఘవయ్య గారు ఇంటికొచ్చారు. కుర్చీ వేశాను.

“అమ్మా సైదమ్మా, మాఘ పౌర్ణమి కల్యాణానికి చిన్న పుస్తకం వేస్తున్నాం. మీ నాన్నగారికి ఇష్టమైన రాగాలు ఓ ఐదు, వాటి వెనక జ్ఞాపకాలు నువ్వు రాసివ్వాలి. టెన్తు చదివినదానివి. నీ చేతిరాత బాగుంటుందంట.”

సరేనన్నాను. నలభై ఏళ్లు ఆ గుడిలో ఊదినవాడి గురించి పుస్తకంలో వేస్తామంటే వద్దని ఎలా అంటాను?

“ఇంకో శుభవార్త. కొత్త స్పీకర్లు నాలుగు తెచ్చాం. వాటికి మీ నాన్నగారి పేరే పెడుతున్నాం. ఇత్తడి రేకు మీద చెక్కిస్తున్నాం.”

“మరి మేళం?” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“ఇంక మేళం ఎందుకమ్మా? రికార్డులో మీ నాన్నగారే వాయిస్తున్నారుగా!”

నవ్వారు. పక్కనే నిలబడి మావారు కూడా నవ్వారు. మేళం అంటే నా తమ్ముడు మస్తాన్. నాయన పోయాక ఆ గుడిలో సన్నాయి వాడిది. పొద్దుటిది తీసేశారు. ఇప్పుడు సాయంత్రానిదీ, కల్యాణానిదీ తీసేస్తారన్నమాట. నాయన పేరు పెట్టి నాయన కొడుకుని పంపించేస్తారు.

టీ ఇచ్చాను. చక్కెర వెయ్యడం మర్చిపోయాను.

మర్చిపోలేదు.

జనవరి 22

ఒకటి రాయాలి. ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు. ఇక్కడైనా రాయకపోతే ఊపిరి ఆడేట్టు లేదు.

మైకులో వచ్చే నీలాంబరి నాయన వాయించింది కాదు. నేను వాయించాను.

రాసేశాను.

నాయన పళ్లు ముందువి రెండు ఊడిన ఏడాది అది. ఉబ్బసం కూడా. గుంటూరులో ఒకాయన రికార్డు చేస్తానంటే ఒప్పుకున్నాడు. పీకల డబ్బా పట్టుకుని నేనూ వెళ్లాను. సన్నాయి నోటికి పెట్టే రెల్లు పీకలు... మా ఇంట్లో వాటి పని నాది. తంజావూరు వైపు నుంచి కట్టలుగా వచ్చేవి. వచ్చింది వచ్చినట్టు పలకదు. నానబెట్టాలి, నొక్కాలి, అంచు గీకాలి, ఊది చూడాలి. ఆడపిల్ల సన్నాయి వాయించకూడదు అనేవాడు నాయన. పీక పరీక్ష చెయ్యొచ్చు. పరీక్ష వాయించడం కాదు.

పదేళ్ల వయసు నుంచి నేను పరీక్షే చేశాను. ఏ రాగంలో పలుకుతుందో చూడాలి కదా... అన్ని రాగాల్లోనూ చూశాను.

ఆ రోజు నాలుగు రాగాలు ఎలాగో వాయించాడు. నీలాంబరి దగ్గర దగ్గు. మూడుసార్లు మొదలుపెట్టాడు, మూడుసార్లూ సన్నాయి పక్కకి తిప్పి దగ్గాడు. డోలు ఆయన్నీ, మస్తాన్‌నీ, మాతో వచ్చిన గుడి అయ్యగారినీ కిందికి టీకి పంపాడు. అద్దం అవతల రికార్డు చేసేవాడు ఒక్కడే. సన్నాయి నా చేతికిచ్చి, “పీక పరీక్ష చెయ్యి తల్లీ” అన్నాడు.

పన్నెండు నిమిషాలు పరీక్ష చేశాను.

దిగి వస్తుంటే మెట్ల మీద నా తల మీద చెయ్యి వేశాడు. “ఇది మన మధ్యే” అన్నాడు. అప్పుడు నాకు పండగలా ఉంది. పిచ్చిదాన్ని.

ఇప్పుడు నా ఊపిరితోనే నా తమ్ముడి నోరు కట్టేస్తున్నారు.

జనవరి 24, శుక్రవారం

రాఘవయ్య గారి పుస్తకానికి — మొదటిది.

భూపాలం. పొద్దుటి రాగం అంటే అది. నాకు ఎనిమిదేళ్లు. పత్తి చేల గట్టు మీద నాయన ముందు, నేను వెనక. మంచులో ఆయన తెల్ల పంచె ఒక్కటే కనపడేది. పీకల డబ్బా నా ఒళ్లో పెట్టుకుని ధ్వజస్తంభం దగ్గర కూర్చునేదాన్ని. రాయి చల్లగా ఉండేది. మొదటి స్వరానికి పావురాలు లేచేవి, రెండో దానికి అయ్యగారు తలుపు తీసేవారు. తిరిగొచ్చేటప్పుడు దొన్నెలో పొంగలి. ఇంటికొచ్చి నాయన నమాజు చేసుకునేవాడు. ఏదైనా తప్పని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు అప్పుడు పుట్టలేదు.

చదువుకుంటే బాగానే ఉంది. ఇవ్వాలనిపించడం లేదు. నా చలిరాయి, నా పావురాలు వాళ్ల పుస్తకంలో ఎందుకు? ఇత్తడి రేకు పక్కన ఎందుకు?

జనవరి 27

షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. కొత్త పంట దిగింది. ముక్కులకి గుడ్డలు కట్టుకున్నా దగ్గులే. పక్కన కోటమ్మ.

“మీ నాయన సన్నాయి ఏందో గానీ సైదమ్మా, తెల్లారి వినపడిందంటే చాలు, మళ్లీ నిద్ర తన్నుకొస్తాంది. కూలి ముఠా ఆటో రెండుసార్లు పోగొట్టుకున్నా.”

“అది నిద్రపుచ్చే రాగమే, కోటమ్మా.”

“మరి పొద్దున్నే ఎందుకేస్తన్నారే?”

“అడుగు.”

“నేనా? నువ్వడుగు. మీ నాయనదేగా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుడ్డ కింద పళ్లు కొరుక్కుంటూ నవ్వాను. ఊరంతటికీ తెలుస్తోంది — ఒళ్లు తెలుసుకుంటోంది. కమిటీకి తప్ప.

జనవరి 28

రెండోది. ఆనందభైరవి.

పెళ్లికి నాయన వాయించే రాగం. నాకు పదమూడేళ్లు. పొద్దుణ్ణుంచి తొడిమలు తీసి, చేతులు కడుక్కున్నాననుకుని పీక ముట్టుకున్నాను. మిరప ఘాటు సబ్బుకి పోదు. మజ్జిగతో, తర్వాత నువ్వుల నూనెతో రుద్దుకోవాలి. తెలుసు. తొందరలో మర్చిపోయాను.

ఆ సాయంత్రం చిలకలూరిపేట దగ్గర పెళ్లి. సరిగ్గా తాళి కట్టే ముందు నాయన ఆ పీక తగిలించాడు. పెదవులు మండిపోయాయి. ఆపకూడదు, ముహూర్తం. కళ్లల్లోంచి బొటబొటా నీళ్లు. పెళ్లివారు చూసి — ఆహా, ఎంత భావం! ఎంత భక్తి! పెళ్లికూతురి తండ్రి కూడా ఏడ్చాడట. శాలువా కప్పారు.

ఇంటికొచ్చి శాలువా నా మీద వేశాడు. “ఇది నీ మిరపకాయలకొచ్చింది, నువ్వే కప్పుకో.” పెదవులు వాచి బూరెల్లా ఉన్నాయి. అమ్మ నెయ్యి రాస్తూ ఒకటే నవ్వు.

ఇది రాస్తుంటే కోపం కాసేపు పోయింది. పోనివ్వకూడదు.

జనవరి 30

మస్తాన్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కమిటీ వాళ్లు పిలిపించారట.

“పదకొండో తారీకు సాయంత్రం పవళింపు సేవలో నీలాంబరి వాయించి చూపించమన్నారక్కా. మైకులో వచ్చేదానిలా ఉంటే మేళం ఉంచుతారంట. లేకపోతే కల్యాణం దగ్గర్నుంచి స్పీకర్లే.”

“పరీక్షా?”

“మీ నాన్నలా వాయిస్తే వద్దంటామా, అన్నాడు రాఘవయ్య గారు. మంచిగానే అన్నాడులే.”

మంచిగానే! నలభై ఏళ్ల వాడు, పాతికేళ్లుగా ఆ ధ్వజస్తంభం దగ్గర ముందు నాయన పక్కన, ఇప్పుడు ఒక్కడూ ఊదుతున్నవాడు... వాడికి పరీక్ష పెట్టి మంచిగా అన్నారట.

“నీలాంబరి నా వల్ల కాదని నాయనే అనేవాడు కదక్కా” అని నేల చూశాడు.

అనేవాడు. నా ఎదురుగానే అనేవాడు. నాయన మీద ఇవాళ మొదటిసారి కోపం వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం పాపం. దువా చేశాను. కోపం అలాగే ఉంది.

ఫిబ్రవరి 1

మూడోది. ముఖారి.

చుట్టుపక్కల ముప్పై ఊళ్ల పెళ్లిళ్లకి ఊదినవాడు, కూతురి పెళ్లిలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మావారి పెదనాన్న వద్దన్నాడు. నికాలో సన్నాయి ఏమిటి, గుళ్లో ఊదేది మన పందిట్లో ఊదుతారా అని. నాయన ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. మా ఇంట్లో మెత్తదనం ఒక జబ్బు.

అప్పగింతలయ్యాక బస్సు ఎక్కాను. బస్సు ఊరి మలుపు తిరుగుతుంటే వినపడింది. ఇంటి వెనక కూర్చుని ముఖారి. ఇంజిను చప్పుడులో రెండు నిమిషాలే. ఆ పీక కొత్తది, నేను పొద్దున్నే గీకిపెట్టి వచ్చింది. పై స్వరంలో కొంచెం జీరబోతోంది. ఇంకొంచెం గీకితే బాగుండేది అనుకున్నాను. ఏడవలేదు. పీక గురించే ఆలోచించాను.

ఇది పుస్తకంలో వెయ్యమనండి!

ఫిబ్రవరి 3

మజ్జిగ ఇద్దామని మస్తాన్ ఇంటికి వెళ్లాను. పెరట్లో ఉన్నాడు. బండ మీద ఫోను, అందులో ఆ నీలాంబరి. ఒక వరస వింటాడు, ఆపుతాడు, వాయిస్తాడు. మళ్లీ వింటాడు.

పొడుగు సంగతి ఒకటి ఉంది. మంద్రంలో మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా పైకి వెళ్లి, ఊయల వెనక్కి వచ్చినట్టు వచ్చి ఆగాలి. అక్కడ వాడి ఊపిరి తెగిపోతోంది. ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను. తొమ్మిదోసారి సన్నాయి ఒళ్లో పెట్టుకుని మోకాళ్ల మీద తల వాల్చాడు.

నా ఊపిరిని పట్టుకోవడానికి నా తమ్ముడు గుండెలు పగిలేలా ఊదుతున్నాడు. గోడ ఇవతల నేను, చేతిలో చెంబు.

పైగా నాకు తెలుసు ఎందుకు తెగుతోందో. వాడి పీక మొరటు. వీధుల్లో ఊరేగింపుకి సరిపోయే పీక. ఆ రోజు గుంటూరులో సన్నాయికి ఉన్నది వేరు. నాయన ఆయాసం చూసి, తక్కువ ఊపిరికే పలకాలని మూడు రోజులు కూర్చుని పల్చగా గీకాను. నా గొప్పేమీ లేదు. సగం పీక గొప్ప.

ఆ కట్టలోది ఇంకొకటి మిగిలి ఉంది. డబ్బా అడుగున.

ఫిబ్రవరి 5

చెప్పేశాను.

“ఒరేయ్ మస్తానూ, అది నాయన కాదురా.”

“ఏది?”

“ఫోనులోది. నేను వాయించింది.”

“పో అక్కా!” నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు.

అంతా చెప్పాను. టీకి పంపడం, మెట్లు, తల మీద చెయ్యి. వాడి మొహం ఎర్రబడింది.

“నాయనంతవాణ్ణి కానని ఊళ్లో అందరూ అంటానే ఉన్నారు. అక్కంత కూడా కానని చెప్పడానికొచ్చావా?”

“అది కాదురా...”

“నా మీద జాలితో అంటున్నావు. ఆయన పోయి ఏడాది నిండలేదు. అప్పుడే ఆయన ఊపిరి కూడా నీదేనంటావా?”

పీక సంగతి చెప్పబోయాను. వినలేదు. గుమ్మం దాటుతూ, “ఇంకెవరితోనూ అనబాక, నవ్వుతారు” అన్నాడు.

అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను, ఎవరూ అడగలేదు. నిజం చెబితే నవ్వుతారట.

ఫిబ్రవరి 6

ఐదింటికి మళ్లీ నేనే. పడుకో స్వామీ పడుకో.

ఫిబ్రవరి 8

షెడ్డుకి వెళ్లడం మానేసి రెండు రోజులయింది. ఒంట్లో బాలేదన్నాను. బాగానే ఉంది. చేతులు మజ్జిగతో కడుగుతున్నాను, నూనె రాస్తున్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను. మావారు అడిగారు.

“చేతులకి ఏమైందే?”

“మంట.”

“తమ్ముడి గొడవలో నువ్వు తలదూర్చబాక. వాళ్ల గుడి, వాళ్ల ఇష్టం.”

వాళ్ల గుడట. నాయన పెదవులు పగిలింది ఎవరి గుడిలో? స్వామి పల్లకి ముందు వానలో తడిసి ఉబ్బసం తెచ్చుకుంది ఎవరి కోసం?

అనలేదు. రొట్టెలు వడ్డించాను. ఒకటి మాడింది, అది ఆయన కంచంలో వేశాను. ఇంతేనా నా కోపం? చక్కెర లేని టీ, మాడిన రొట్టె! నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

పెళ్లయిన కొత్తలో, షాపు ఈ ఊరికి మార్చకముందు, పుట్టింటికి వచ్చినప్పుడు ఆయన ఒకసారి విన్నారు. “పీక పరీక్షకి అంతసేపు రాగం ఎందుకే?” అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఊళ్లో ఉంటే నేను పీక ముట్టలేదు. ఎంత తేలిగ్గా మానేశానో! ఒక్కసారైనా ఎదురు అడగలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

గుడికి వెళ్లాను. ఎప్పటిలాగే ధ్వజస్తంభం దగ్గర నిలబడ్డాను. అయ్యగారు పూలు ఏరుకుంటూ బయటే ఉన్నారు.

“అయ్యగారూ, పొద్దున్నే నీలాంబరి పెడుతున్నారు.”

“తెలుసు అమ్మాయ్. మొదటిరోజే చెప్పాను. ఆ పెన్ డ్రైవులో మొదట ఉన్నది అదేనట. రెండోది మొదలయ్యేలోపు నేను సుప్రభాతం అందుకోవాలి, కట్టేస్తారు. వరస మార్చడం ఇక్కడెవరికీ రాదు.”

“మరి స్వామి?”

“ఏం చేస్తాడు? తలుపు తీసేసరికి ఆవలిస్తున్నట్టే ఉంటాడు. ఏమయ్యా లేచావా అని నేనే అడిగి హారతి ఇస్తున్నా.”

నవ్వొచ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నిజంగా. అప్పుడే ఆయన, పూలు ఏరుతూనే, తల ఎత్తకుండా — “మీ నాయనకి చివర్లో దగ్గుండేది. పాపం, సన్నాయి పక్కకి తిప్పి దగ్గి మళ్లీ అందుకునేవాడు. ఈ నీలాంబరిలో ఒక్కచోట కూడా తిప్పలేదు. పన్నెండు నిమిషాలు.”

“అంటే?” అన్నాను.

“నేనేం అనలేదమ్మాయ్. ముసలాణ్ణి. చెవులు సరిగా పనిచెయ్యవు.”

చామంతి ఒకటి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

చెవులు పనిచెయ్యవట! ఆయనకి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. మస్తాన్‌కి పరీక్ష పెడుతుంటే ఒక్క మాట అన్నారా? అందరూ మంచివాళ్లే. నాయన మంచివాడు, అయ్యగారు మంచివారు, నేను మంచిదాన్ని. మంచివాళ్లందరం కలిసి నోరు మూసుకుంటే వాడు ఇంటికెళ్లిపోతాడు.

ఇంటికి నడిచి వస్తూ పైకే అన్నాను, “చాలు” అని. ఎవరో సైకిలు ఆపి, “ఏంటమ్మా?” అన్నాడు.

ఫిబ్రవరి 10

కాగితం రాఘవయ్య గారికి ఇచ్చేశాను. జ్ఞాపకాలు ఒక్కటీ రాయలేదు. రాగాల పేర్లు మాత్రం. భూపాలం, ఆనందభైరవి, ముఖారి, మధ్యమావతి. నాలుగే.

“ఐదన్నాం కదమ్మా. అసలుది వదిలేశావే? నీలాంబరి?”

“దాని గురించి రేపు సాయంత్రం చెబుతానండి” అన్నాను.

నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. “మంచిదమ్మా, మైకులో రెండు ముక్కలు మాట్లాడుదువు గాని” అన్నారు సంతోషంగా. ఆయన ఏమనుకున్నారో నాకు తెలీదు. నేనేమన్నానో నాకే తెలీదు.

ఇక్కడ రాస్తాను.

నీలాంబరి. అమ్మకి జబ్బు చేసిన ఏడాది. నాకు పద్నాలుగు. నొప్పికి నిద్ర ఉండేది కాదు. నాయన ఇంట్లో ఉంటే ఆయన వాయించేవాడు, కళ్లు మూతపడేవి. పెళ్లిళ్ల రోజుల్లో ఆయన ఊళ్లు తిరగాలి. ఒక మధ్యాహ్నం అమ్మ, “పీకలు పరీక్ష చెయ్యవే” అంది. పాత సన్నాయి తీశాను. “ఏ రాగంలో?” అన్నాను. నవ్వింది. “నాకు నిద్రొచ్చేదాంట్లో.”

ఆ వేసవి అంతా రోజూ పరీక్షే. ఊపిరి మధ్యలో తీసుకుంటే అమ్మ కళ్లు తెరిచేది. అందుకే ఎక్కడా తీసుకోకుండా నేర్చుకున్నాను. ఆ పొడుగు సంగతి నాయన నేర్పింది కాదు. అమ్మ కళ్లు తెరవకుండా ఉండాలని నాకు నేనే...

చివరిరోజు కూడా వాయించాను. పడుకుందనుకుని ఇంకా చాలాసేపు వాయించాను. నాయన వచ్చి సన్నాయి నా నోటి దగ్గర్నుంచి మెల్లగా తీశాడు.

గుంటూరులో అద్దం ముందు నేను వాయించింది స్వామికి కాదు. అది మాత్రం స్వామికి తెలిసే ఉంటుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

పొద్దున ఐదింటికి మైకు పలకలేదు. స్పీకర్లు మారుస్తున్నారట. ఊరంతా నిశ్శబ్దం. కోటమ్మ ఈ రోజు ఆటో అందుకుని ఉంటుంది.

డబ్బా తీశాను. ఆ పల్చటి పీక బాగానే ఉంది. దారం ఒక చుట్టు వదులైంది, బిగించి కట్టాను. గ్లాసులో నీళ్లు పోసి నానబెట్టాను.

ఒక్కటే ఉంది.

వాడికిస్తే — ఊపిరి తెగదు. పొడుగు సంగతి వచ్చేస్తుంది. ఆహా, అచ్చం తండ్రే అంటారు. మేళం నిలుస్తుంది. నాయన పేరు నిలుస్తుంది. నేను తొడిమలకి వెళ్తాను.

చెబితే — నాయన ఇత్తడి రేకు మీద ఉండగానే ఊళ్లో నవ్వులపాలు. నమ్మితే కదా, అదీ.

మూడోది ఒకటి ఉంది. రాయను.

మూడు గంటలు

మస్తాన్ వచ్చాడు. ఆరు రోజుల తర్వాత. గడ్డం గీసుకున్నాడు, తెల్లచొక్కా వేసుకున్నాడు. భుజాన గుడ్డసంచిలో సన్నాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“అక్కా, పీక ఉందా?”

గ్లాసు చూపించాను. వంగి చూశాడు. ముట్టుకోలేదు.

“గుంటూరులో దీనితోనేనా?”

“దీని జత పీక.”

గ్లాసు ముందు చతికిలబడ్డాడు. తర్వాత, “ఆ పొడుగు సంగతి... నాయన ఎప్పుడూ అట్టా వాయించగా వినలేదు నేను. చిన్నప్పుడు అమ్మ పక్కన పడుకుని విన్నాను. నిద్రలో” అన్నాడు. గోడ వైపు చూస్తూ అన్నాడు.

అప్పుడు వాడికి నాలుగేళ్లు. అమ్మకి ఆనుకుని పడుకునేవాడు. నేను మర్చేపోయాను.

“ఏడున్నరకి సేవ. ఏడింటికి వస్తా” అన్నాడు. సంచి విప్పి సన్నాయి తీసి మంచం మీద పెట్టాడు. “ఎండలో మోసుకు తిరగడమెందుకు, ఇక్కడ ఉండనీ.”

“వాయించుకోవా కాసేపు?”

“నువ్వు పరీక్ష చెయ్యవా ముందు?”

వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు. నమ్మాడా? పీక కోసమే వచ్చాడా? ఎండ అన్నాడు. ఈ మాఘమాసంలో ఎండేముంది!

నాలుగున్నర

అసర్ నమాజు చేసుకున్నాను. ఏమీ అడగలేదు. అడగడానికి ఏం అడగాలో తెలీలేదు.

చేతులు మూడోసారి కడుక్కున్నాను. నాలుక మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఘాటు లేదు.

పీక తగిలించాను. పరీక్షకే.

షాపు కట్టేసి మావారు వచ్చే వేళయింది. కల్యాణం ముందురోజని తొందరగా వస్తారు. వీధిలో స్పీకర్ల వాళ్లు హలో హలో అంటున్నారు. ఇన్నేళ్లూ ఇది నోటికి పెట్టే ముందు తలుపు గడియ వేసేదాన్ని. వేద్దామని లేచాను. గుమ్మం దాకా వెళ్లాను.

వెయ్యలేదు.